మెడ నుంచి చిటికెన వేలి దాకా

నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరుకోరు. "ఏం మునిగిపోయిందని ఆ చెయ్యి నెత్తిన? తియ్యి ముందు" అంటారు. మెడ దగ్గర నరం నలిగిన మనిషికి మాత్రం రాత్రిపూట కాస్త ప్రాణం లేచొచ్చే భంగిమ అదొక్కటే. చెయ్యి కిందికి వేలాడితే భుజం నుంచి బొటనవేలి దాకా జివ్వుమని లాగుతుంది. అరచెయ్యి నడినెత్తిన ఆనించగానే నరం మీది బిగువు సడలి నొప్పి తగ్గుతుంది. ఓపీ గదిలోకి ఎవరైనా అలా నెత్తిన చెయ్యి పెట్టుకుని వస్తే, వాళ్లు నోరు విప్పకముందే నాకు సగం సంగతి తెలిసిపోతుంది. భుజం కీలు చెడినవాళ్లు ఆ పని చెయ్యలేరు. చెయ్యి అంత ఎత్తు లేవదు. లేచినా నొప్పి పెరుగుతుందే గాని తగ్గదు. ఆ ఒక్క భంగిమతో రోగం భుజంలో ఉందా మెడలో ఉందా అన్నది చాలావరకు తేలిపోతుంది. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. చూసే కన్ను ఉండాలి.

ఈ చూడటం, ముట్టుకోవడం, మీటి చూడటం, నెట్టించి చూడటం పాతకాలపు పద్ధతులనీ, ఎమ్మారై వచ్చాక వాటి పని అయిపోయిందనీ అనుకునేవాళ్లు పెరిగారు. రోగులే కాదు, వైద్యం చదువుకుంటున్న పిల్లలూ అలాగే అనుకుంటున్నారు. పెద్ద కవరు బల్ల మీద పెట్టి "ఫిల్ములున్నయి సార్, చూడుండ్రి" అని రోగి అంటే, చెయ్యి ముట్టుకోకుండా ఫిల్ములే చూసి మందు రాసే రోజులొచ్చాయి. దీని మీద నాకు గట్టి అభ్యంతరముంది. అది పాతదనం మీది మమకారం కాదు, ఫిల్ము స్వభావం తెలిసి చెబుతున్నమాట. 2015లో జపాన్ వైద్యులు మెడకు సంబంధించిన ఏ బాధా లేని 1,211 మందికి ఎమ్మారై తీసి చూశారు. వాళ్లలో 87.6 శాతం మందికి డిస్కు ఎంతో కొంత ఉబ్బే ఉంది. ఇరవైల్లో ఉన్నవాళ్లలోనూ నూటికి డెబ్బై మందికి పైగా అదే కనిపించింది. డిస్కు ఉబ్బిందని ఫిల్ము చెబుతుంది. ఆ ఉబ్బు ఈ మనిషిని బాధ పెడుతోందా లేదా అన్నది ఫిల్ము చెప్పలేదు. చెప్పగలిగింది ఆ మనిషి చెయ్యే. అడగడం తెలిస్తే అది స్పష్టంగానే చెబుతుంది.

మెడలో పూసలు ఏడు, నరాలు ఎనిమిది జతలు. పైనుంచి లెక్కేస్తే అయిదో నరం నుంచి, ఛాతీలో మొదలయ్యే మొదటి నరం వరకు ఉన్నవి కలిసి, మెడ పక్కనా చంకలోనా అల్లుకుని, విడిపోయి చేతిలోకి దిగుతాయి. పై కాలువలో గండి పడితే ఎక్కడో చివరి మడి ఎండుతుంది కదా, అలాగే పూసల మధ్య నలిగిన నరం వేలి చివర మొద్దుబారి కనిపిస్తుంది. మడి దగ్గర నిలబడి ఏ కాలువ ఎండిందో చెప్పగలగడమే ఈ పరీక్ష. ఆరో నరమైతే బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతాయి, మణికట్టు పైకెత్తే బలం తగ్గుతుంది. ఏడోదైతే మధ్యవేలు. ఎక్కువమందిలో నలిగేది ఈ ఏడోదే. మోచెయ్యి చాపే బలం తగ్గుతుంది గాని, జబ్బ వెనక కండరం పెద్దది కాబట్టి లోటు ఒక పట్టాన బయటపడదు. చెయ్యి పూర్తిగా చాచాక నెట్టమంటే అందరూ బాగానే నెడతారు. మోచెయ్యి బాగా మడిపించి, అక్కడి నుంచి నెట్టిస్తేనే తేడా దొరుకుతుంది. ఎనిమిదోది చిటికెన వేలు, పిడికిలి పట్టు. ఆ కిందిది వేళ్లను విప్పార్చే చిన్న కండరాలది.

ఈ పటం అందరికీ ఒకేలా ఉండదు. నరాలు ఒకదాని పొలంలోకి ఇంకొకటి చొరబడుతూనే ఉంటాయి. అందుకే ఒక్క గుర్తును నమ్మకూడదు. తిమ్మిరి, బలం, సుత్తితో కొడితే వచ్చే కదలిక, మెడ తిప్పితే వచ్చే మార్పు, నాలుగూ ఒకే నరం పేరు చెప్పాలి. చెప్పకపోతే ఎక్కడో ఇంకేదో ఉందని అర్థం.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక బీడీ కార్మికురాలి చెయ్యి ఇప్పటికీ నా కళ్ల ముందుంది. కుడిచేతి వేళ్లకు తునికాకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాసి ఉన్నాయి. కవరులో మెడ ఎమ్మారై ఉంది. అయిదు, ఆరు పూసల మధ్య డిస్కు ఉబ్బిందని రిపోర్టు. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరి. ఫిల్ముకూ తిమ్మిరికీ పొంతన కుదిరినట్టే ఉంది. మెడకు ఆపరేషను పడుతుందని ఆమెకు ఎక్కడో చెప్పారట. నేను అడిగింది ఒక్కటే: "రాత్రి నిద్ర పడుతుందా అమ్మా?"

"యాడ పడ్తది సారూ. నడిజాముల లేస్త. చెయ్యి ఇట్ల ఇదిలిస్త. అప్పుడు జర నిమ్మలమైతది."

ఆ విదిలింపు మెడది కాదు. మెడ అన్ని వైపులా తిప్పించాను, వెనక్కి వంచించాను. వేళ్ల తిమ్మిరి పెరగలేదు, తగ్గలేదు. మణికట్టు పైకెత్తే బలం బాగుంది. సుత్తి పడినచోటల్లా కండరం సరిగానే పలికింది. ముంజేతి బయటి వైపు స్పర్శ చక్కగా ఉంది. ఆరో నరం దెబ్బతింటే అక్కడా మొద్దుబారాలి. అప్పుడు కళ్లు మూసుకోమని దూదిపోచతో ఉంగరపు వేలిని ముట్టుకున్నాను. ముందు చిటికెన వేలి వైపు అంచు, తరువాత మధ్యవేలి వైపు అంచు. "ఇటు తెలుస్తుంది. ఇటు మందం మందం ఉన్నది." ఒకే వేలు, నడిమికి గీత గీసినట్టు రెండు సగాలు. మెడ దగ్గరి నరాలు ఉంగరపు వేలిని అలా నిలువునా చీల్చి పంచుకోవు. మణికట్టు దాటి వచ్చే రెండు నరాలు మాత్రమే పంచుకుంటాయి. అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలిని పైకప్పు వైపు లేపమంటే నా వేలి బరువుకే వంగిపోయింది. బొటనవేలి మొదట్లో దుబ్బుగా ఉండాల్సిన కండ కొంచెం చదునుబడింది. చివరగా రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు ఉండేలా మణికట్లు వంచి ఉంచమన్నాను. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో పనిచేసిన జార్జ్ ఫేలెన్ 1950లలో ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష అది. ఒక నిమిషం ఉంచాలి. ఆమెకు సగం నిమిషం కూడా పట్టలేదు: "మల్ల గదే మొదలైంది సారూ."

నరం నలిగింది మెడలో కాదు, మణికట్టులో. నరాల వేగం కొలిచే పరీక్ష కూడా అదే చెప్పింది. షుగరు, థైరాయిడ్ చూపించి, రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ వేసుకోమన్నాం. అది చాలకపోతే మణికట్టు దగ్గర చిన్న ఆపరేషను. మెడ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. ఫిల్ములో ఉన్న ఉబ్బు అబద్ధం కాదు, ఆమె బాధకు అది కారణం కాదంతే. ఈ రెండు ముక్కల మధ్య ఉన్న దూరాన్ని దాటించింది ఒక దూదిపోచ.

ఈ పరీక్షల్లో చాలావాటికి పుట్టిల్లు యుద్ధం. తూటాలు, పెంకులు తగిలి నరాలు తెగిన సైనికుల చేతుల మీద మొదటి ప్రపంచయుద్ధకాలపు ఫ్రెంచి వైద్యులు వీటిని నేర్చుకున్నారు. నరం మీద వేలితో తట్టితే దాని చివర చీమలు పాకినట్టు అనిపించడాన్ని జూల్ టినెల్ రాసింది 1915లో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగితే, చిటికెన వేలి వైపు దిగే అల్నార్ నరం చెడినవాళ్లు బొటనవేలి కొన కణుపు వంచి పట్టుకుంటారని జూల్ ఫ్రోమాన్ చెప్పిందీ అదే ఏడాది. మెడను వెనక్కీ నొప్పి ఉన్న పక్కకీ వంచి నెత్తి మీద నెమ్మదిగా నొక్కే పరీక్షకు పేరొచ్చిన గ్లెన్ స్పర్లింగ్ అమెరికా సైన్యపు న్యూరోసర్జన్. ఆయన, స్కోవిల్ కలిసి రాసిన వ్యాసం 1944 నాటిది. కండరాల బలానికి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసే పద్ధతి బ్రిటన్ మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ రెండో ప్రపంచయుద్ధం మధ్యలో అచ్చువేసిన చేతిపుస్తకం ద్వారా ప్రపంచమంతా పాకింది.

ఆ మార్కుల పద్ధతి అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. సున్నా అంటే కదలికే లేదు. ఒకటి అంటే చర్మం కింద కండ చిన్నగా అదిరింది, అంతే. రెండు అంటే బరువు లేకుండా, బల్ల మీద జరుపుతున్నట్టుగా కదపగలరు. మూడు అంటే తన చేతిని తాను భూమి ఆకర్షణకు ఎదురుగా ఎత్తగలరు. నాలుగు, అయిదు మాత్రం పరీక్షించేవాడి చేతిబలంతో తూచాల్సినవి. కొలబద్ద ఒక మనిషి చెయ్యి, కొలిచేది ఇంకో మనిషి చేతిని. ఇందులో నిక్కచ్చితనం లేదని విమర్శ ఉంది, నిజమే. ఎనభై ఏళ్ల ముసలమ్మకు అయిదు వేరు, మోట తోలిన పెద్దాయనకు అయిదు వేరు. అందుకే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ మనిషికి ఆ మనిషే కొలత. రెండు వారాల కింద రెండు ఉన్న భుజం ఈ రోజు మూడుకు ఎక్కితే, చెయ్యి మంచం మీది నుంచి లేచినప్పుడు ఇంటిల్లిపాదీ మొహాల్లో కనబడేది ఏ యంత్రం అంకెకూ రాదు.

ఇక సుత్తి. మోకాలి కింద కొడితే కాలు ఎగురుతుందన్నది జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే వైద్యులిద్దరూ 1875లో విడివిడిగా రాశారు. లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రి పేరుతో ప్రసిద్ధమైన గుండ్రటి తల సుత్తిని అక్కడి నర్సు మిస్ వింటిల్ రూపొందించింది. ఇత్తడి చక్రానికి రబ్బరు అంచు తొడిగి, వెదురు కర్రకు బిగించి, జూనియర్ డాక్టర్లకు ఆమే తయారుచేసి ఇచ్చేది. ప్రపంచమంతా వాడే పనిముట్టు ఒక నర్సమ్మ చేతిపని అని పిల్లలకు నేను తప్పకుండా చెబుతాను.

సుత్తి విలువ తెలిసేది వెన్నుపాము నలిగినప్పుడు. ఈ జబ్బు మెడలో ఉంటుంది, కంప్లైంటు మాత్రం కాళ్లది. "నడుస్తుంటే తూలుతున్నానయ్యా, కాళ్లు బిగుసుకుపోతున్నాయి" అని వస్తారు. చేతిలో నడుము ఫిల్ములు ఉంటాయి. మెడ నొప్పి ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. చేతుల గురించి అడిగితే "బాగానే ఉన్నాయి" అంటారు. అలా అడగకూడదు మరి. అన్నం కలుపుకుంటుంటే మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయా? ముద్ద నోటిదాకా వస్తోందా? చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు? జాకెట్టు హుక్కులు పట్టుకు దొరుకుతున్నాయా? నడుస్తుంటే చెప్పు ఊడిపోతే తెలుస్తోందా, వెనకవాళ్లు చెప్పాలా? మన దేశంలో నరాల వైద్యం నేర్చుకున్న ప్రతివాళ్లకూ ఈ ప్రశ్నలు కంఠతా వచ్చు. మనం చేత్తో తినేవాళ్లం, చెప్పులతో తిరిగేవాళ్లం. వెన్నుపాముకు ముప్పు ముందుగా తెలిసేది కంచం దగ్గరా, గుమ్మం దగ్గరా.

ఆ తరువాత పిడికిలి మూసి తెరవమంటాను, వీలైనంత వేగంగా. పది సెకన్లలో ఇరవై సార్లు రావాలి. వెన్నుపాము నలిగినవాళ్ల వేళ్లు నీళ్లలో ఆడుతున్నంత మెల్లగా తెరుచుకుంటాయి. చేతులు ముందుకు చాచి వేళ్లు దగ్గరగా పెట్టమంటే చిటికెన వేలు తనంతట తాను పక్కకు జరిగిపోతుంది. మణికట్టుకు కాస్త పైన ముంజేతి ఎముక మీద సుత్తితో తడితే మోచెయ్యి వంగాలి. అది వంగక, వేళ్లు ముడుచుకుంటే ఆ గదిలో అందరం ఒక్కక్షణం ఆగుతాం. 1910లో ఫ్రెంచి వైద్యుడు బబిన్‌స్కీ చెప్పిన గుర్తు అది. తట్టిన చోటికి బాధ్యత వహించే నరం మూగబోయింది, దానికి కిందివి అదుపు తప్పి ఎగిరిపడుతున్నాయి. అంటే దెబ్బ ఎక్కడో కాదు, సరిగ్గా మెడ మధ్యలో వెన్నుపాము మీదే. మధ్యవేలి కొనను వంచి వదిలినప్పుడు బొటనవేలు ఉలిక్కిపడి ముడుచుకుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అప్పుడు ఎమ్మారై కావాలి, అదీ మెడది, ఆలస్యం లేకుండా. ఈ జబ్బులో ఆపరేషను ముఖ్యంగా ఇక ముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది. చాలాకాలం నలిగి పోయినదంతా తిరిగి తెస్తుందన్న హామీ లేదు. ఇలాంటి మనిషి నెత్తి మీద నొక్కే పరీక్ష చెయ్యకూడదు. దెబ్బ తగిలి వచ్చినవాళ్లకూ, కీళ్లవాతంతో మెడ పూసలు వదులైనవాళ్లకూ చెయ్యకూడదు. ఏ పరీక్ష చెయ్యాలో తెలియడం ముఖ్యం, ఏది మానాలో తెలియడం అంతకన్నా ముఖ్యం.

పరీక్షకు మర్యాద కూడా ఉంది. "ఇక్కడ ముట్టుకుంటానమ్మా" అని ముందు చెప్పాలి. ఆడవాళ్లయితే నర్సు పక్కన ఉండాలి, భుజం చూడటానికి పైట ఎంత తప్పించాలో వాళ్లే తప్పించుకోవాలి. ఏసీ గదిలో చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని ముట్టుకోవాలి. నొప్పి లేని చేతితో మొదలుపెట్టాలి. గుండుసూది గుచ్చేముందు బాగున్న చోట ఒకసారి ముట్టించి "ఇదీ సూది, ఇలా ఉంటుంది" అని తెలియజెయ్యాలి. కళ్లు మూయించి అరచేతిలో నాణెం పెట్టి ఏ నాణెమో చెప్పమంటే కొందరు పెద్దవాళ్లు మొహమాటపడతారు, తప్పు చెబితే ఏమనుకుంటారోనని. తప్పు చెప్పినా నాకు ఉపయోగమేనని చెబితే స్థిమితపడతారు. వాళ్లు నాకు సాక్షులు. సాక్షిని బెదిరిస్తే నిజం దొరకదు.

మోచేతి లోపలి ఎముక వెనక చూపుడువేలితో తడిమితే అల్నార్ నరం దారంలా దొర్లుతుంది. ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. గట్టిగా తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది. కుష్ఠులో అది లావెక్కుతుంది. ముట్టుకుంటే నొప్పి పెడుతుంది, వేళ్లు ఇంకా వంకర పోకముందే. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నడిపిన ఆసుపత్రి నుంచి సాలూరు మిషన్ ఆసుపత్రి దాకా తెలుగు నేల మీద కుష్ఠు వైద్యం చేసినవాళ్లందరూ ఈ ఒక్క వేలి స్పర్శ మీద ఆధారపడ్డారు. వెల్లూరులో సర్జన్ పాల్ బ్రాండ్ ముడుచుకుపోయిన వేళ్లను స్నాయువులు మార్చి తెరిపించింది గొప్ప పనే. కానీ నరం లావెక్కిన దశలోనే పట్టుకుని మందు ఇస్తే చాలామందిలో ఆ ఆపరేషను అవసరమే రాదు. ఇప్పుడు చర్మం మీద మచ్చ లేకుండా చిటికెన వేలి తిమ్మిరితో వచ్చినవాళ్లను ఎంతమంది అక్కడ ముట్టుకుని చూస్తున్నారని నాకు బెంగ. కుష్ఠు పోయిందనుకుంటున్నాం, పోలేదు.

నల్లగొండ పల్లెల సంగతి ఇంకో రకం. అక్కడి రాళ్లలోంచి బోరునీళ్లలోకి చేరిన ఫ్లోరైడు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దట్టపడతాయి, పూసలను కలిపే కట్లు గట్టిపడి ఎముకలవుతాయి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లోనే రాశారు. హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి దీనివల్ల నరాలకు జరిగే నష్టాన్ని ఏళ్ల పాటు అధ్యయనం చేశారు. కేంద్రం 2008-09లో మొదలుపెట్టిన ఫ్లోరోసిస్ నివారణ పథకంలో ఊళ్లోనే చేయదగ్గ పరీక్షలు మూడు చెప్పారు. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయాలి. గడ్డం ఛాతీకి తాకించాలి. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనక తాకించాలి. మూడింటిలో రెండు మెడవీ చేతులవే. వేపచెట్టు కింద నిలబెట్టి ఎవరైనా చెయ్యొచ్చు.

"రోజుకు వంద మంది వస్తే ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి సార్?" అని మా పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందరికీ అన్నీ చెయ్యక్కర్లేదు. నాలుగైదు నిమిషాల్లో ప్రధానమైనవి తేలిపోతాయి, చెయ్యి అలవాటు పడితే. అలవాటు పడాలంటే ఆరోగ్యంగా ఉన్న చేతుల్ని వందల్లో ముట్టుకుని ఉండాలి. బాగున్నది ఎలా ఉంటుందో తెలియనివాడికి చెడింది దొరకదు. పరీక్షకూ పరిమితులున్నాయి. స్పర్లింగ్ పరీక్షలో నొప్పి చేతిలోకి దిగితే నరం నలిగిందని చాలావరకు నమ్మొచ్చు గాని, దిగకపోయినంత మాత్రాన నలగలేదని చెప్పలేం. అందుకే నేను వాళ్లకు పెట్టిన నియమం ఒకటే: కవరు తెరవకముందు మీరు కనుక్కున్నది కాగితం మీద రాయండి, ఏ నరమో పేరు పెట్టి రాయండి. తరువాత ఫిల్ము చూడండి. రెండూ కలవకపోతే మళ్లీ రోగి దగ్గరికే వెళ్లండి.

నల్లగొండ పల్లెలకు ఇప్పుడు మిషన్ భగీరథ పథకం తాగునీళ్లు వచ్చాయి. అంతకుముందు దశాబ్దాల పాటు బోరునీళ్లు తాగినవాళ్ల ఎముకల్లో చేరింది మాత్రం అంత తొందరగా పోదు. ఆ వైపు నుంచి పెద్దవయసువాళ్లు ఎవరొచ్చి నడక తడబడుతోందన్నా, మోకాళ్ల మాత్ర రాసేముందు గడ్డం ఛాతీకి తాకించమని అడగాలి, పిడికిలి మూయించి తెరిపించాలి, ముంజేతి మీద సుత్తితో ఒకసారి తట్టి ఏ వేలు కదిలిందో చూడాలి.